కంటి ఎత్తు

విద్యాశాఖ వారు ఫారం పంపారు.
"తెర మీది చదువు ఫలించిందా?
ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకె చుట్టండి."
పెన్ను మూత పళ్ళతో లాగి
అలాగే కూర్చున్నాను.

సెయింట్ జాన్స్‌లో నాదొక గది.
కిటికీలోంచి కనిపించేది పార్కింగ్ స్థలం.
న్యూఫౌండ్‌లాండ్ తీరమంతా చెదిరిన ఏడు రేవుల నుంచి
పదకొండు మంది పిల్లలు, లెక్కలకి.
ఆ రేవుల్లో బడి ఉంది, లెక్కల టీచరే లేదు.
ఒక రేవులో ఆ తరగతికి ఉన్నదే ఒక్కడు,
లియాండర్ పార్డీ.
వాడే ముందు బెంచీ, వాడే వెనక బెంచీ.

కెమెరా పెట్టడు.
"నెట్ లాగదు మిస్" అని టైపు చేస్తాడు.
నమ్మాను. నమ్మక చేసేదేముంది.
ఏడు నెలలు వాడు నాకొక నల్ల చతురస్రం,
మధ్యలో రెండు పొడి అక్షరాలు.
మైకు కట్టెయ్యడం మరిచిన రోజుల్లో మాత్రం
కెటిల్ ఈల, ఎవరిదో ముసలి దగ్గు,
కాసేపు కుక్క,
గొళ్ళెం పట్టుకుని తలుపును ఊపే గాలి.
వాడి ఇల్లు నాకు చెవితో తెలుసు.

బల్లల మధ్య తిరగడం ఇరవై రెండేళ్ళ అలవాటు.
ఎవరి పెన్సిలు ఆగిందో
బోర్డు వైపు తిరిగే చెప్పేదాన్ని.
ఇక్కడ "అర్థమైందా?" అంటే
పదకొండు బొటనవేళ్ళు లేస్తాయి, పసుపుపచ్చవి, బొమ్మవి.
పరీక్షనాడు వాటిలో ఆరు మునుగుతాయి.

కీలీ బర్సీ చతురస్రం ఫిబ్రవరిలో మాయమైంది.
ఫోను మోగింది, మోగింది.
ఉత్తరం తిరిగి రాలేదు, జవాబూ రాలేదు.
మే నెలలో ఎవరో అన్నారు,
పీతల ఫ్యాక్టరీలో చేరిందట,
చేతులు భలే వేగమట.
ఫారంలో "మానేసినవారు" అని ఒక గడి ఉంది.
అందులో పట్టేది ఒక్క అంకె.

త్రికోణమితిలో ఇంటిపని ఇచ్చాను:
మీకు అందని దేనిదైనా ఎత్తు కట్టండి.
దీపస్తంభాలు వచ్చాయి, చర్చి శిఖరాలు వచ్చాయి,
రెండు మాత్రం ఒకరిది చూసి ఒకరు దించినవి.
లియాండర్ మంచుకొండ పంపాడు.

రేవు నోట్లో నేల తగిలి రెండు రోజులు నిలిచిపోయిందట.
దగ్గరికి పోకూడదు, ఎప్పుడు బోర్లా పడుతుందో తెలీదు.
అందుకని ధక్కా మీద అరవై మీటర్ల తాడు పరిచి
ఆ కొసన ఒక కోణం, ఈ కొసన ఒక కోణం.
బిస్కెట్ల అట్టతో కోణమానిని,
దారానికి వేలాడే గాలపు సీసం.
తడిసిన కాగితం, వంకర అంకెలు,
ఏ మెట్టూ ఎగరగొట్టకుండా:
ముప్పై ఆరున్నర మీటర్లు.

ఆ సూత్రం నేనింకా చెప్పనేలేదు.
రికార్డు చేసి ఉంచిన పాఠాల్లో అది తర్వాతది.
రాత్రి రెండింటికి, నెట్ లాగే వేళ,
మూడుసార్లు విన్నాడని యంత్రం చెప్పింది.

అయినా ఒక మార్కు తీశాను.
"నీటి నుంచి నీ కంటి దాకా ఉన్న ఎత్తు
కలపడం మరిచావు" అని రాశాను.
రాశాక చెయ్యి ఆగింది.
వాడు ఎంత పొడుగో నాకు తెలీదు.

అడిగాను.
మూడు చుక్కలు చాలాసేపు కదిలాయి.
"తెలీదు మిస్. తలుపు మీద గీతలు పెట్టేది నానమ్మ.
చలికాలం నుంచి లేవట్లేదు."

సాయంత్రం ఇంకో వాక్యం వచ్చింది.
"కంటి దాకా ఒకటీ అరవై.
గీత ఎక్కడ పెట్టాలో మంచం మీంచే చెప్పింది."

మంచుకొండ అప్పటికే విరిగి కొట్టుకుపోయింది.
జవాబు సరిచూడ్డానికి అక్కడ ఉన్నది నీళ్ళే.
ఆ మార్కు తిరిగి ఇచ్చానా?
ఇవ్వలేదు. లెక్క లెక్కే.

ఫారానికి గడువు శుక్రవారం.
నాలుగు చుట్టాను.
కీలీ గుర్తొచ్చి కొట్టేశాను.
రెండు చుట్టబోతే తడిసిన ఆ కాగితం అడ్డొచ్చింది.
చివరికి వెనక పేజీలో
"ఇతర వ్యాఖ్యలు" అన్నచోట రాశాను:
ప్రతి రేవుకీ అరవై మీటర్ల తాడొకటి పంపండి.
వీలైతే,
రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషిని.