గుండె మంచిగనే ఉందట

మిర్చి యార్డుల ఎవడు దగ్గినా ఎవడూ తిరిగి చూడడు.
ఎనుమాముల గేటు దాటంగనే
కండ్లు కారుతయి, ముక్కు మండుతది,
మెడల తువ్వాల మూతికెక్కుతది.
అందుకే నా ఊపిరి ఆగుతున్న సంగతి
నాక్కూడ శాన రోజులు తెల్వలే.

మొదటిసారి జెండా పాట నడుస్తుండంగ.
తేజ రకం, ఎర్రగ, గలగల.
ధర ఒక్కొక్క వంద ఎక్కుతుంటె
నా గుండె దానికంటె ముందు ఎక్కింది.
ఏళ్ళు తిమ్మిర్లు. నాలిక ఎండి అట్ట.
తలకాయల ఒకటే మాట: ఓదెలూ, అయిపోయినవ్.
టిక్కీల నడుమ కూలబడ్డ.
దడువాయి రాజమొగిలి నీళ్ళు జల్లి
"ఘాటెక్కిందిరా" అన్నడు.
నేను సుత "ఘాటే" అన్న.
పావుగంటకు లేచి మల్లా మోసిన.

రెండోసారి ఘాటు లేదు.
ఇంట్ల, పండుకున్నంక, ఫ్యాను తిరుగుతుండంగ.

ఈసీజీ రెండుసార్లు తీసిండ్రు. మంచిగనే ఉందట.
ఎక్స్‌రే మంచిగనే ఉందట. నెత్తురు మంచిగనే ఉందట.
అన్ని మంచిగుండి మనిషి మంచిగ లేకపోతె
ఇగ మిగిలేది గాలి.
మా అత్త అంత్రం కట్టిచ్చింది,
కోడిని తిప్పి మూడు తొవ్వల కాడ ఇడిసింది.
కోడి బతికింది. నాకు మల్లొచ్చింది.
భయం వస్తదేమోనని ఇంకో భయం,
టిక్కీ మీద టిక్కీ.
బస్సెక్కుడు బందు. పెండ్లిళ్ళకు పోవుడు బందు.
యార్డుల తలుపు దగ్గరి పనే అడుక్కున్న.
పనిదొంగ అన్నరు నన్ను.

పెద్ద దవాఖానల ఆఖరి గది.
బోర్డు సదివి నా భార్య సారక్క
కొంగు ముఖానికి కప్పుకున్నది, ఎవలన్న చూస్తరని.
బల్ల మీద మా పక్కన కనకవ్వ, జనగామ దిక్కు మనిషి.
బీడీలు చేస్తది. కట్టకు ఇరవై ఐదు.
కట్టుడు, ఇప్పుడు, లెక్కపెట్టుడు, మల్లా ఇప్పుడు.
"ఒక్కటి తక్కువైనా నా పిల్లగానికి ఏమన్న అయితదని
లోపట అనిపిస్తది బిడ్డా.
ఉత్తదే అని నాకెరుకే. చెయ్యి ఆగది."
ఎనిమిదేండ్లు ఊరంత ఆమెను
నికార్సైన మనిషి అన్నది.
రోగమని ఒక్కరు అనలే.

డాక్టరమ్మ మా చెల్లె వయసుది.
"దీనికంటె ముందు ఏమన్న జరిగిందా?" అన్నది.
ఏంలే అన్న.
పత్తి లారీ మీదికెళ్ళి కొంరెల్లి జారినప్పుడు
కింద అందుకోవాల్సిన చేతులు నాయి.
అది మూడోపారి పోయినప్పుడు చెప్పిన.
ఆమె రాసుకున్నది, గని అదొక్కటే అనలే.
మీ నాయన రాత్రుల్ల ఉలిక్కిపడి లేచెటోడా అని అడిగింది.
అప్పు అడిగింది. నిద్ర అడిగింది.
రోజుకు ఎన్ని చాయలు, మందు ఎంత అని అడిగింది.
నేను ఒక్క ముల్లు పీకుతదనుకొని పోయిన,
ఆమె ముండ్లకంపనంత తిరగేసి చూసింది.

నేను నా తీరుగ సమజ్ చేసుకున్న:
నాది కాంటా చెడుడు.
ఉత్త తట్టకే నలభై కిలోలు చూపెడుతది.
అందుల ఏం లేదని ఎంత ఒర్రినా
ముల్లు దిగది.
యార్డుల కాంటా చెడితె మేస్త్రీని పిలుస్తం.
పిరికిదని దాన్ని తిట్టం.
దాని సుట్టు కోడిని తిప్పం.

గోళీ ఏసుకుంటున్న. మొదట్ల కడుపుల తిప్పింది,
బందు వెడుదామనుకున్న, సారక్క ఊకోలే.
వచ్చినప్పుడు ఉరకొద్దు, కూసో,
ఊపిరి మెల్లగ ఇడువు, దాన్ని పోనియ్ అన్నది డాక్టరమ్మ.
మంగళవారం వచ్చింది. రేకుల షెడ్డు కింద కూసున్న.
పది నిమిషాలు. పోయింది.
రాజమొగిలి "ఘాటా?" అన్నడు.
"కాదు" అన్న.
అంతకంటె ఎక్కువ ఇంక నోరు రాలే.

మొన్న అదే బల్ల మీద కనకవ్వ కలిసింది.
"రెండుసార్లే లెక్కపెట్టిన" అన్నది,
బడిపిల్ల మార్కులు చెప్పినట్టు.
"మూడోసారి?"
"చెయ్యి గుంజింది బిడ్డా.
గాజులు గట్టిగ పట్టుకొని కూసున్న.
కట్ట చాటల అట్లనే ఉన్నది,
నన్నే చూసుకుంట."