ఏ నెలలో పోదాం

లాయరుపేటలో మేడ మీద ట్రావెల్స్ ఆఫీసు.
హిమబిందు అనే పిల్ల క్యాలెండరు తిప్పి
"మే అయితే బాగుంటుందండీ, ఇటలీ అంతా పూలు" అంది.

మేలో మా క్వారీ కాలిన పెనం.
అయినా లోడింగు జోరంతా అప్పుడే, నేను కదిలితే
బ్లాకులకు నంబర్లు ఎవురు రాస్తారు?
ఇరవై మూడేళ్లుగా తెల్ల పెయింటు, అరిగిన కుంచె.
చీమకుర్తి నుంచి కృష్ణపట్నం దాకా
నా అంకెలే లారీలెక్కి పోయినాయి.
మొదటి రంపానికే చెరిగిపోతాయని తెలుసు,
తెలిసీ
ఏడుకు అడ్డగీత మానలేదు.

"పోనీ డిసెంబరు? మంచు చూడొచ్చు!"
సలోమికి కీళ్లవాతం.
"ఆగస్టు?"
రేటు విని సలోమి నా మోచెయ్యి గిల్లింది.
చీటీపాటలో ఇక ఆపు అనడానికీ అదే గిల్లుడు.

"నవంబరు" అన్నాను.
గుంట నిండా నీళ్లు నిలిచి పని ఆగే నెల,
తోడే మోటార్లు తప్ప ఎవురూ మాట్లాడని నెల.
"అయ్యో, అక్కడా వానలేనండీ! ఎవరూ పోరప్పుడు."

ఎట్ట చెప్పేది ఆ పిల్లకి?
సేటు వచ్చి రాయిని బేరమాడే ముందు
చెంబెడు నీళ్లు పోయిస్తాడు.
పొడిగా ఉన్నంతసేపూ అది బూడిద మొహం,
తడిస్తేనే
లోపలి చుక్కలు ఒక్కొక్కటే లేస్తాయి.

పేరు పలకడం రాని ఆ ఊళ్లో
ఏదో ఒక మెట్టు, ఏదో ఒక అరుగు మాదై ఉంటుంది.
పడనీ వాన.

సలోమి అప్పుడే అడుగుతోంది,
గొడుగులు ఒంగోల్లోనే కొనాలా
అక్కడ దొరుకుతాయా అని.