పదమూడు క్లిప్పులు

గుంతకల్లులో మే నెల.
షెడ్డు రేకుల మీద కాకి ఒక కాలు పెట్టి, ఎత్తి,
ఇంకో కాలు పెడ్తాంది.
నేను కారుకు హీటరు బిగిస్తాండా.

నవ్వుకో. రసూలు నవ్వినాడు, టీ తెచ్చిన పిల్లోడు నవ్వినాడు,
ఎదురంగా టైర్లకు గాలి పట్టే ఎర్రిస్వామి అయితే
అంగడి మూసిపెట్టొచ్చి మరీ నవ్విపోయినాడు.

బండి ఫిలోమినా టీచరమ్మది.
రెండే సీట్లు, గుడ్డ కప్పు, పొడుగు ముక్కు,
ఇంగ్లీషోళ్ల దేశంలో చలికి పుట్టిన ఎంజీ.
అప్పట్లో రైల్వే స్కూలు గేటు కాడ అది ఆగితే
ఐదో తరగతిలో మా లెక్కలన్నీ
వాటంతటవే తప్పయ్యేవి.

"ఊటీకి పోతాండావా టీచరమ్మా?"
"లేదు వన్నూరప్పా."
"మరి ఏంటికి?"
"ఉన్నింది కాబట్టి."
బోర్డు తుడిచినట్టు గాల్లో చెయ్యి ఊపింది.

హీటరు నా కాడికొచ్చింది గోనెసంచిలో.
రేకు పెట్టె, దాని మూతలు,
నీళ్లు తిరిగే ఇత్తడి జల్లెడ, ఫ్యాను మోటరు,
లెక్కబెట్టి ఇచ్చిన పదమూడు క్లిప్పులు,
తల చెదిరిన స్క్రూలు, ఒక ఎలుక గూడు.
గూట్లో హాజరు పుస్తకం కాయితం ముక్క.
"ప్రెజె" అని ఉండాది.
మిగతాది ఎలుక తినింది.

జల్లెడను చింతపండు నీళ్లలో రాత్రంతా నానేసినా.
తెల్లారి కొళాయి కింద పెడితే
ముందు తుప్పు, తర్వాత బురద, తర్వాత ఎర్రనీళ్లు,
శానా సేపటికి ఊరికే నీళ్లు.
మోటరు బొగ్గులు అరిగి గోరంత అయినాయి.
మిక్సీ బొగ్గులు తెచ్చి ఆకురాయితో గీకి కూచోబెట్టినా.

మూతల అంచున స్పాంజి ముట్టుకుంటే పొడి.
అది లేకుంటే గాలి దోవ తప్పుతాది.
ఈ ఊర్లో యాడ తెచ్చేది?
మా జేజినాయన దూది ఏకినోడు.
వింటి నారి మీద ఆయన కొయ్యగుండు పడితే
వీధంతా తుమ్మేదంట.
ఆ విల్లు పోయింది, వేళ్లు నాకు మిగిలినాయి.
కళ్యాణదుర్గం కురుబోళ్ల కంబళి ముక్క కోసి
అంచంచుకూ అతికించినా.
గొర్రె వాసన కొడ్తాది, కొట్టనీ.
ఇంగ్లండులో మాత్రం గొర్రెలుండవా ఏం?

పెట్టెను దాని గుంతలోకి దించేది పెద్ద కథ.
కేబులు ముందు తగిలిస్తే పెట్టె దిగదు,
పెట్టె దింపితే కేబులు కాడికి చెయ్యి పోదు.
ఈ బొమ్మ గీసినోడు ఎవడో గానీ
వానికి మూడు చేతులుండాల, మోచేతులు ఉండగూడదు.
నా వేలి కణుపుల తోలు
ఆ గుంతలోనే ఉండాది ఇప్పటికీ.
అంతా బిగించి చూస్తే
పన్నెండు క్లిప్పులే పట్టినాయి.
పదమూడోది జేబులో ఏసుకున్నా.

సాయంత్రం గుత్తి దోవన ట్రయలు.
టీచరమ్మే తోలింది, డెబ్బై ఎనిమిది ఏండ్లు.
ముందర గ్రానైటు లారీ, ఎనకాల ఇంకోటి.
ఎత్తెక్కేటప్పుడు వేడి సూది
ఎర్రగీత పక్కకు జరుగుతాంది.
ఆపు టీచరమ్మా, ఉడికిపోతాది, అన్నా.
ఆపలా.
డ్యాష్‌బోర్డు మీద గుండ్రటి పిడి తిప్పింది,
ఫ్యాను స్విచ్చి ఏసింది.

పాదాల మీదికి వచ్చింది సూడు గాలి,
ఇటుకల బట్టీ నోరు తెరిచినట్టు,
కాలిన కంబళి, పులిసిన చింతపండు,
ఏ కాలందో ఇంకో వాసన, దాని పేరు నాకు తెలీదు.
చెమట కండ్లలో పడ్తాంది ఇద్దరికీ.
సూది మాత్రం
ఒక వెంట్రుక, ఇంకో వెంట్రుక
వెనక్కి దిగింది.

"ఇంజను వేడి యాడికో ఒక సోటికి పోవాల గదా,"
అన్నాది, దోవ మీంచి కండ్లు తిప్పకుండానే,
"ఇదీ లెక్కే వన్నూరప్పా. తీసివేత."

గుత్తిలో నిమ్మకాయ సోడా తాగుతా అడిగింది:
"పదమూడు ఇచ్చినా. అన్నీ ఉండాయా?"
జేబులో చెయ్యి పెట్టి
దాన్ని గట్టిగా పట్టుకొని
ఐదో తరగతి గొంతుతో చెప్పినా:
"ప్రెజెంట్ టీచర్."