మూడో తరగతి, కోసిగి

గోడవార ప్లాస్టిక్ కుర్చీ,
ఒళ్లో పరిశీలన పత్రం.
నల్లబల్ల వాడకానికి పది మార్కులు.
ఇంకా ఏ గడీ నింపలేదు నేను.

షంషాద్ టీచర్ హాజరు పిలుస్తోంది.
"ఉరుకుందు?"
"సుగ్గికి పోయినాడు టీచర్."
"నాగేంద్రమ్మ?"
"ఆయమ్మి గూడా."
జవాబులన్నీ చీమిడి తుడుచుకుంటా ఒకే పిల్ల చెబుతోంది.

టీచర్ ఎర్రసిరా పెన్ను తీయలేదు.
పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, రిజిస్టరు మూసి,
అందులోంచే లెక్క ఇచ్చింది:
నలభై రెండులో పదిహేడు పోతే?

ఆ పిల్ల వేళ్లు మడవలేదు.
లేచి, గదిలో తలకాయలు ఎంచి
"ఇరవై ఆరు" అనింది.

"ఆ సారును కలపొద్దు మే,"
నవ్వింది టీచర్,
"ఆయప్ప నాలుగు రోజులుండి పోతాడు."

ఏం రాయాలో తోచక
కుర్చీ రవ్వంత ముందుకు జరుపుకున్నా.
పిల్ల మళ్లీ ఎంచుతోంది.
నా దగ్గర ఆగింది.