తాడుకి ఇవతల

హేస్టింగ్స్‌లో జనవరి.
సముద్రం గులకరాళ్ళని నమిలే చప్పుడు
హాలు లోపలిదాకా వస్తోంది.
తడిసిన కోట్ల వాసన.
ఎర్ర తాడుకి ఇవతల మేం, అవతల ఐదు బల్లలు, పదిమంది.
ఎవరైనా దగ్గితే
గడియారాలు కూడా తలెత్తి చూస్తాయి.

మూడో బల్ల దగ్గర కల్లమ్ థ్రెల్‌ఫాల్.
గడ్డం నెరిసింది. పేరు ముందు బిరుదు,
బల్ల మీద చిన్న జెండా.
నేనెరిగిన కల్లమ్‌కి పదకొండేళ్ళు.
బ్రాడ్‌ఫర్డ్‌లో ఏదో స్కూలు భోజనాల గది, ఉడికిన క్యాబేజీ కంపు,
నేలకందని కాళ్ళు ఊపుకుంటూ
నా ఏనుగుని తీసి పక్కన పెట్టి
"సారీ" అన్నాడు.
నాకు ముప్ఫై ఒకటి. వారమంతా మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టి
ఆదివారాలు రాజుని కాపాడుకునేదాన్ని.

నిజానికి ఆ ఆట నాది.
ఇరవై ఆరో ఎత్తులో గుర్రాన్ని దూకిస్తే
ఆట కట్టు.
కనిపించింది కూడా,
లీడ్స్ వెళ్ళే బస్సు పైఅంతస్తులో
కిటికీకి పట్టిన ఆవిరి మీద వేలితో గడులు గీస్తుంటే.
ఆ తర్వాత ఎన్ని ఇళ్ళు మారానో.
గుర్రం మాత్రం అదే గడిలో
ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉంది.

మొదటి బల్ల దగ్గర ఇలోనా.
పందొమ్మిది ఎత్తుల్లో నన్ను ఓడించి
కోటు బొత్తాలు పెట్టుకుంటూ అంది:
"భయపడేదాకా బాగానే ఆడావు."
ఆట గురించే అందో, మరి దేని గురించో
అడగలేదు.

పక్క గదిలో కంప్యూటర్లు
కల్లమ్‌దే పైచెయ్యి అంటున్నాయట.
నేను వాడి ఎడమచెయ్యి చూశాను.
చెవితమ్మె పట్టుకుని మెలిపెడుతోంది.
ఇంతమందిలో నాకొక్కదానికే తెలుసు,
తప్పటెత్తు వెయ్యబోయేముందు వాడలాగే చేస్తాడని.
ఆనాటి ఇరవై ఐదో ఎత్తుకీ అంతే.
వద్దురా, అనుకున్నాను.
పైకి అనకూడదు.
శకటుని ముట్టుకున్నాడు.
ముట్టుకున్నాక ఇక కదపాల్సిందే.

సాయంత్రం బస్టాపు. వాన అడ్డంగా కొడుతోంది.
పక్కనొచ్చి నిలబడి, టోపీ దులుపుకుంటూ
"స్టేషన్ బస్సు వెళ్ళిపోయిందా అండీ?" అన్నాడు.
"ఇంకా పదకొండు నిమిషాలుంది."
గుర్రం సంగతి నాలిక చివరిదాకా వచ్చింది.
దీపం వెలుగులో ఆ చెవి
ఎర్రగా కందిపోయి కనిపించింది.
గొడుగు కొంచెం అటు వంచాను.
గమనించినట్టు లేడు.