మిగిలిన నాలుగు రాళ్లు

ఆళ్లగడ్డలో మా షెడ్డు ముందర
సగం తేలిన దేవుళ్లు ఎండలో నిలబడి ఉంటారు.
ఒకరికి ముక్కు రాలేదు, ఒకరికి ఇంకా శంఖం లేదు.
కండ్లు తెరిపించేది కంబగిరాచారి.
నాది మొరటు పని,
బండను మనిషి వాటానికి దించి
ఆయన చేతికి అప్పజెప్పేంతవరకే నా కూలి.
ఆదివారం పన్లోకి రాను.
ఎందుకని ఆయన అడగడు.

చర్చికి నూరేండ్లు నిండుతాయని
పరంజ్యోతి అయ్యగారు ఒక ఫోటో తెచ్చినారు.
ఇటలీ దేశపు పాలరాతి దావీదు.
మడతలు పడిన కాగితంలో
మొలకు పేలిక గూడా లేని
పదిహేడు అడుగుల పిల్లోడు.
సంఘ పెద్ద జకరయ్య మొఖం పక్కకు తిప్పుకోని
"పంచె కట్టియ్యి రా" అన్నాడు.

"గొల్యాతు ఏడీ?" ఆచారి అడిగినాడు.
"ఇంకా రాలేదు."
"రాకముందే చెక్కినాడా!"
ఉలి కిందబెట్టి చానాసేపు చూసినాడు.
"మా తల్లి మహిషుడు కాలికింద పడినాకే నిలబడతాది.
వీడు గెలుస్తాడో లేదో
రాయికి గూడా తెలిసినట్లు లేదే."

రాత్రి మా జేజి సువార్తమ్మకు చూపించినా.
కండ్లలో పొర. బుడ్డి దగ్గరికి జరుపుకోని
మొఖం చూడల్యా, మొల చూడల్యా,
చెయ్యి చూసింది.
"వడిసెల ఎరిగినోడే ఈ పిల్లోడు.
మణికట్టు చూడు, ఎంత ఒదులుగా ఇడిసినాడో.
బిగబట్టినోడి రాయి పక్కచేన్లో పడ్తాది."

పన్నెండేండ్లప్పుడు, రెడ్డోళ్ల జొన్నచేన్లో,
మంచె మీద పొద్దు మునిగిందాకా
కూలికి వడిసెల తిప్పిన చెయ్యి ఆమెది.
ఎన్ని పిట్టల్ని కొట్టినావే అంటే
"కొట్టేదానికి గాదురా, అదిలిచ్చేదానికి."
కాసేపుండి,
"ఒకదానికి మాత్రం తగిలింది" అంటాది.
ఆ పొద్దు ఇంక మాట్లాడదు.

వాక్యంలో ఉండేది ఐదు రాళ్లు,
ఏటిలో ఏరుకున్నవి, నున్ననివి.
పడింది ఒకటే.
ఆదివారపు బడిలో ఈ లెక్క నేనూ అడిగినా.
విశ్వాసం అన్నారు, కూర్చోమన్నారు.
జేజి లెక్క వేరే.
"నమ్మినోడు గూడా
తప్పిపోతాదేమోనని నాలుగు ఎక్కువే ఏరుకుంటాడు.
దాంట్లో తప్పేముంది?
నేనడిగేది అది గాదు నాయినా.
రాజైనాక ఆ నాలుగూ యాడ పెట్టినాడు?"

బైబిలు ఆమె తలగడ కిందే ఉంటాది.
చదవను రాదు. నాకంటే బాగా తెలుసు.
పొద్దుగూకే యాళ మిద్దె మీద తిరుగుతా
నీళ్లు పోసుకునే ఆడమనిషిని చూసిన రాజు.
దండులో ముందువరసకు తోయించిన ఊరియా.
"ఒకటి ఆడ పడింది" అంది, బుడ్డి తగ్గిస్తా.
"మూడు సొంత బిడ్డల మీదనే."

పాలరాయి ఎంత మేలు చేసిందో
ఆ చీకట్లో తెలిసొచ్చింది నాకు.
వాణ్ని మిద్దె ఎక్కనియ్యలేదు.
ఐదు రాళ్లూ ఇంకా వాడిదగ్గరనే ఉండే పొద్దున
ఐదు నూర్ల ఏండ్లుగా నిలబెట్టేసింది.

మూడు వారాలకు కమిటీ కూర్చుంది.
చెక్కిన ప్రతిమ వద్దని ఆజ్ఞ ఉంది గదా,
ఇంతకాలం ఎవరికీ ఎందుకు గుర్తు రాలేదని
జకరయ్య అందరినీ కోప్పడినాడు.
అడ్వాన్సు అడగలేదు.
ఫోటో మాత్రం అడిగి తీసుకపోయినారు.

అప్పటికి నేను దించింది
ఒక భుజం, ఒక తొడ,
కుడిచెయ్యి ఏళ్ల దాకా.
నా హద్దు దాటి దించినా. ఆచారి అరవల్యా.

కృష్ణశిల పారేసేది గాదు.
ఇప్పుడది ద్వారపాలకుడు అయితాంది,
నంద్యాల దావన ఏదో గుడికి.
ఎడమచేతికి గద వచ్చింది, నెత్తికి కిరీటం వచ్చింది.
"కావలోడి చెయ్యి బిగువుగా ఉండాల" అంటా
ఆచారి రెండు దినాలు
ఆ కుడి మణికట్టు చుట్టూ తిరిగినాడు.

ఉలి పెట్టల్యా.