చిన్న తల

వేలంలో మా అన్న కళ్లు
ఎప్పుడూ పెద్దదాని మీదే.
మానులాంటి మెడ, మెడలో ఎర్ర రిబ్బను.
ఒలెగారియో ఆ ఆబోతు చుట్టూ మూడుసార్లు తిరిగి
"పోతంటే ఇదీ" అన్నాడు.
నేను దాని తల చూశాను,
తల తర్వాత భుజాల వెడల్పు చూశాను.
ఆ వెడల్పు ఎంత సందులోంచి బయటపడాలో
నాకంటే ముందు నా కుడిచేతికి తెలుసు.

పోయిన సెప్టెంబరు.
తక్వారెంబో గుట్టల మీద చలి ఇంకా గడ్డిలోనే పడుకుని ఉంది.
నలభై ఆరో నంబరు పెయ్య, తొలిచూలుది,
కంచె మూల నిలబడి వెనక్కి వెనక్కి చూసుకుంటోంది
తన ఒంట్లోంచి తలుపు తోస్తున్నదెవరో తెలియనట్టు.
రెండు గిట్టలు వచ్చాయి. నా అరచేతంత గిట్టలు.
ముక్కు రాలేదు.
అదెమీర్ గొలుసులు తగిలించాడు.
నొప్పి వచ్చినప్పుడే లాగు, పోయినప్పుడు ఆగు అన్నాను.
ఆగాడు, లాగాడు, ఆగాడు,
టార్చిలైటు పళ్ల మధ్య పెట్టుకుని ఏడ్చాడు.
లేగ యాభై ఒక్క కిలోలు తూగింది, ఊపిరి లేకుండా.
తల్లి రెండు రోజులు లేవలేదు.
మూడోనాడు లేపాల్సిన పని లేకపోయింది.

అన్న ఆ వారం మోంతెవిదేయోలో ఉన్నాడు.
వచ్చి లెక్కల పుస్తకంలో
"పెయ్య ఒకటి, నష్టం" అని రాసుకున్నాడు.
ఆ లేగ తండ్రికీ ఉండేది
ఎర్ర రిబ్బను.

అందుకే ఈ ఏడు జాబితా ముందు నేను కూర్చున్నాను.
మాతే చల్లారిపోతోంది, వర్షం రేకు మీద దంచుతోంది.
పుట్టినప్పటి బరువు: సున్నాకి కింద ఉండాలి.
ఈత సులువు: ఎంత పైనుంటే అంత మేలు.
ప్రతి అంకె పక్కనా ఇంకో చిన్న అంకె ఉంటుంది,
పెద్ద అంకెని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పేది.
దాన్నెవరూ చదవరు. నేను దాన్నే ముందు చదివాను.
కుర్ర ఆబోతుది ఇంకా మాటే,
వెయ్యి దూడల తండ్రిది సాక్ష్యం.

పెయ్యల్ని తూకానికి తోలాం. నూట పన్నెండు.
మూడొందల కిలోలు నిండని పద్నాలుగింటిని పక్కకు తీశాను.
వాటిలో ఒకటి నలభై ఆరు చెల్లెలు, నుదుట అదే తెల్లమచ్చ.
"మళ్లీ ఏడు చూద్దాంలే" అన్నాను దాని చెవిలో,
పదోతరగతి తప్పిన పిల్లకి చెప్పినట్టు.

నవంబరులో సులేమా వచ్చింది.
ఆబోతు కూడా వచ్చింది, పొగలు కక్కే డబ్బాలో,
గడ్డిపోచంత గొట్టాల్లో,
కాళ్లు లేవు, కొమ్ములు లేవు, రంకె లేదు.
సులేమా పెట్టిందే ముహూర్తం:
మందు గొట్టం లోపల ఎనిమిది రోజులు,
తీశాక యాభై నాలుగో గంట.
తోక మొదట్లో పూసిన రంగు కొన్నిటికి చెరిగిపోయి ఉంది,
ఎద నిజమేనని అదొక్కటే కబురు.
గోరువెచ్చని నీళ్లలో గొట్టం ముంచి, లెక్కపెట్టి, తుడిచి,
భుజందాకా చెయ్యి పెట్టి
ఏదో వింటున్నదానిలా కళ్లు మూసుకుంటుంది.

నిలవనివాటి కోసం పక్క ఎస్టేటు నుంచి
నల్లటి పొట్టి ఆంగస్‌ని అద్దెకి తెచ్చాను.
అన్న చూసి నవ్వాడు: "ఇది ఆబోతా, పొట్టేలా?"
అతని మాటా కొట్టిపారేయలేను.
చిన్నగా పుట్టింది చిన్నగానే అమ్ముడుపోవచ్చు.
పాలు మాన్పించేనాడు కాటా
తలకి పదిహేను కిలోలు కోసుకుంటే
ఆ పదిహేనూ నా పేరునే రాసుకోమన్నాను.
రాసుకున్నాడు కూడా, తేదీ వేసి.

ఆగస్టు చివర, రాత్రి రెండున్నర.
డెబ్బై ఒకటో నంబరు కొట్టంలో లేదు.
కోటు జేబులో గొలుసులు వేసుకుని
వాగు పక్క పొదలదాకా పరుగెత్తాను.
అప్పటికే అయిపోయింది.
మాయ ఇంకా వేలాడుతోంది. తల్లి నాకుతోంది.
కుందేలంత తల,
తడికాళ్ల మీద లేస్తూ, పడుతూ,
పొదుగనుకుని తల్లి మోకాలు చీకుతూ.
డెబ్బై ఒకటి నన్ను చూసి బుస్సుమంది,
నీకిక్కడేం పని అన్నట్టు.
ఏ పనీ లేదు.
చాచిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక
మళ్లీ జేబులో పెట్టుకున్నాను,
చల్లగా ఉన్న గొలుసుల పక్కన.